రాయిని అడిగే ఇల్లు

నంద్యాలలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానంటే ఆళ్లగడ్డ వచ్చేలోపు నాకు ఒక కునుకు ఖాయం. ఎడమ చేతి వైపు నల్లమల కాసేపు కొండలాగా, కాసేపు మబ్బులాగా కనిపిస్తూ వెంట వస్తుంది. శనగచేల మీద ఎండ పలచగా పరుచుకుని ఉంటుంది. ఒళ్లో కేసు కట్టలు జారిపోతున్నా పట్టించుకోను. ఆ కునుకులో నాకు ఎన్నో ఏళ్లు ఒక్కటే కనిపించేది. తడిసిన పెద్ద రాయి, దాని భుజాల మీదుగా కారుతున్న నీళ్లు, ఆ నీళ్లలో అప్పుడే పుడుతున్న వెలుగు. కండక్టరు "ఆళ్లగడ్డ దిగేవాళ్లు రండప్పా" అని అరిస్తే ఉలిక్కిపడి లేచి చెప్పులు వెతుక్కుంటాను.

ఆ రాయి ఉత్త కల కాదు. మా షెడ్డు ముందర, రోడ్డు పక్కనే, మనిషి కంటే ఎత్తుగా నిలబడి ఉండేది.

మా నాయన శిల్పి. ఆయన నాయన కూడా శిల్పే. ఆళ్లగడ్డలో రోడ్డు వెంబడి మాలాంటి షెడ్లు చాలా ఉన్నాయి. పైన రేకులు, కింద రాతిపొడి, మధ్యలో సగం పుట్టిన దేవుళ్లు. నేను ఆ దేవుళ్ల మధ్యే పెరిగాను. బడి లేని మధ్యాహ్నాలు, వెల్లకిలా పడుకోబెట్టిన విగ్రహాల పక్కన గోనెపట్ట పరుచుకుని నిద్రపోయేదాన్ని. వాళ్లకింకా కళ్లు తెరవలేదు, నేను మూసుకున్నాను, కాబట్టి మేమంతా ఒకే కల కంటున్నామని గట్టిగా నమ్మేదాన్ని. ఉలి చప్పుడే నాకు జోలపాట. ఇప్పటికీ మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు నిద్ర పట్టదు. నంద్యాలలో నేనుండే వీధిలో ఆ ఇబ్బంది మాత్రం లేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త రాయి మీద మొదటి ఉలిదెబ్బ వేయబోయే ముందురోజు సాయంత్రం దాని ఎదుట నిలబడి, చేయబోయే పని చెప్పాలి. "నిన్ను ఆంజనేయసామిని చేస్తాండాం. లోపల ఎవరన్నా ఉంటే వేరే తావు చూసుకోండి. అడ్డం ఉంటే చెప్పండి" అని మామూలు గొంతుతో, గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు చెప్పాలి. చెప్పి, తెల్లారేదాకా ఆగాలి. నిద్రలో ఏదైనా అడ్డం కనిపిస్తే ఆ రాయి జోలికి పోరు. ఉలి పట్టేవాళ్లంతా పొద్దున టీ తాగుతూ ఒకరినొకరు అడుగుతారు.

"నీకేమొచ్చె?"

"నాకేం రాలే. నీకు?"

"నాకూ రాలే."

ఇంక పని మొదలు. చిన్నప్పుడు ఈ మాటలు వినడం కోసమే ముందే లేచి కూర్చునేదాన్ని. కల కూడా లెక్కలోకి వచ్చే ఇల్లు మాది. కాకపోతే లెక్కలోకి వచ్చేది ఉలి పట్టినవాళ్ల కల మాత్రమే. అవ్వకూ అమ్మకూ నాకూ కలలు రాక కాదు, మమ్మల్ని అడిగే అలవాటు లేదు. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు, మాకు కూడా.

ఆ పెద్ద రాయిని తాత తెచ్చాడు. లారీలో వచ్చిన రోజు బజారంతా చూడటానికి వచ్చిందట. సాయంత్రం తాత పద్ధతి ప్రకారం రాయికి చెప్పాడు, పడుకున్నాడు. కలలో ఆ రాయి "దాహం" అన్నదట. పొద్దున లేచి ఆ సంగతి చెప్పి, "దీనికి దినామూ తెల్లారకముందే బిందెడు నీళ్లు పోయాల. దప్పిక తీరినంక చూస్తాం" అని తీర్పు చెప్పి టీ తాగాడు. కల కన్నది ఆయన. బిందె మోసింది అవ్వ. అవ్వ తర్వాత అమ్మ. తాత పోయాక నాయన ఒకసారి ఆ రాయిని అడిగాడు గానీ ఏ కలా రాలేదు. మామూలుగా అయితే కల రాకపోవడం ఒప్పుకున్నట్టే. ఈ రాయి దగ్గర మాత్రం ఆయనకు చేయి ఆడలేదు. "దప్పిక తీరిందని అది చెప్పాల గదా" అన్నాడు. అది చెప్పలేదు, అమ్మ బిందె దించలేదు. చీకట్లో అమ్మ లేచిన అలికిడి, రాయి మీద నీళ్లు జారే చప్పుడు, ఆ చప్పుడుకు నేను ఇటు నుంచి అటు ఒత్తిగిలి మళ్లీ కలలోకి జారిపోవడం, నా చిన్నతనం తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

లా చదివి నంద్యాలలో ప్రాక్టీసు పెట్టాను. మా కోర్టులో దొరికేవి గట్టు తగాదాలు, భాగ పంపకాలు, చెక్కు కేసులు. మిడుతూరు వైపు నుంచి వచ్చే అన్నదమ్ములు ఒకే బస్సులో, ఒకే సీటులో కూర్చుని వచ్చి, దిగాక రెండు వైపులా నిలబడి కొట్లాడుకుంటారు. అలాంటి చోట నాకు రాజ్యాంగం మీద ప్రేమ పుట్టింది. భోజనాల వేళ వరండాలో బేతంచెర్ల బండలు చల్లగా ఉంటాయి. అక్కడ గోడకు ఆనుకుని ఆ లావు పుస్తకం తెరిస్తే చాలు, అక్షరాలు కదలడం మొదలుపెట్టేవి. తోటి వకీళ్లు ఊరుకుంటారా. "ఏమ్మా, ఈ పొద్దు యా అధికరణం కలలోకి వచ్చె?" అని ఆటపట్టించేవాళ్లు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండేది గానీ, వాళ్లన్నదాంట్లో అబద్ధం లేదు.

నాకు నచ్చిన విషయం ఒకటే. చట్టసభ చట్టం చేస్తుంది. ఆ సభకు జవాబు చెప్పుకునే ప్రభుత్వం దాన్ని నడుపుతుంది. ఓట్లు వేసి వాళ్లను కూర్చోబెట్టింది మనమే కనక ఇంక వాళ్ల మాటకు ఎదురు లేదనిపిస్తుంది. అయినా పక్కన ఒక చోటు అట్టిపెట్టారు. ఒకే ఒక్క మనిషి అక్కడికి పోయి "నన్ను అడగకుండా చేశారు" అంటే చాలు, ఎంత పెద్ద ప్రభుత్వమైనా వచ్చి చేతులు కట్టుకుని, అడిగామనో, అడగనక్కరలేదనో జవాబు చెప్పుకోవాలి. న్యాయసమీక్ష గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంది. నా మటుకు నాకు అది సాయంత్రం పూట రాయి ముందు నిలబడిన మా తాతే. బార్ రూములో ఈ మాట ఎప్పుడూ అనలేదు. అని ఉంటే నన్ను బతకనిచ్చేవాళ్లు కాదు.

మూడు నాలుగేళ్ల కిందట ఆళ్లగడ్డలో మా వైపు రోడ్డు వెడల్పు చేస్తారని మాట పుట్టింది. ఇలాంటి మాటలు పుడుతుంటాయి, పోతుంటాయి, ఎవరూ నమ్మలేదు. ఒకరోజు పొద్దున నాయన ఉయ్యాలవాడ దగ్గరి ఒక పల్లెకు చేసిన అమ్మవారికి కళ్లు తెరుస్తున్నాడు. మా దగ్గర కళ్లు అన్నిటికంటే చివర చెక్కుతారు. ముహూర్తం చూసి, విగ్రహం చుట్టూ తెర కడతారు. పని అయిపోయేదాకా లోపలి మనిషి నోరు మెదపకూడదు. ఇల్లు కూలినా మెదపకూడదు. సరిగ్గా ఆ వేళకు ఒక ఆఫీసు మనిషి స్కూటర్ మీద వచ్చి, తెర బయట నిలబడి నాయనను పేరు పెట్టి పిలిచాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు. షెడ్డును ఆనుకున్న వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆ తర్వాత జరిగింది అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

"లోపల అమ్మవారికి కండ్లు తెరుస్తాండాడప్పా. ఇప్పుడు పలకడు. సందేళ రా."

"నోటీసుమ్మా. సంతకం పెట్టాల."

"పలకడని చెప్తాండా గదా. సందేళ రమ్మంటే ఏందీ నీకు కష్టం?"

పొయ్యి మీద పాలున్నాయని అమ్మ లోపలికి పోయింది. ఆయన "తీసుకొనుటకు నిరాకరించిరి" అని రాసుకుని, నోటీసు అంటించడానికి తగిన చోటు కోసం చూశాడు. ఎదురుగా అంత నున్నగా, అంత వెడల్పుగా కనిపించింది మా రాయే. దాని మీద అంటించి, ఫోనుతో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం రాలేదు.

ఆ రాయికి కాగితాలు అంటించడం కొత్త కాదు. పళ్ల డాక్టరు క్యాంపులు, బోరు బండ్లవాళ్ల ప్రకటనలు, కోచింగ్ సెంటర్లు, రోడ్డున పోయే ప్రతివాడి కన్నూ దాని మీదే. అమ్మకు వాళ్ల మీద పీకల దాకా కోపం. మర్నాడు చీకట్లోనే ఎప్పటిలాగే బిందెడు నీళ్లు పోసింది. నానిన కాగితాన్ని చీపురుతో గీకి, వాళ్లను వంశంతో సహా తిట్టి, కాలువలోకి తోసింది. ప్రభుత్వం వారి నోటీసు అలా మా ఇంటి ముందర కాలువలో కలిసిపోయింది.

కొన్నాళ్లకు షెడ్డు స్తంభాల మీద ఎర్ర రంగు గీతలు వెలిశాయి. ఆ వెంటనే పని పట్టిన కాంట్రాక్టరు మనుషులు వచ్చి, నోటీసు గడువు అయిపోయి ఉత్తర్వు కూడా వచ్చిందనీ, వారంలో రేకులు దించేస్తామనీ, ఈ రాయిని ఎత్తడం తమ వల్ల కాదు కనక మిషను పెట్టి పగలగొట్టి గుంతలో పోస్తామనీ చెప్పిపోయారు. అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయన అన్నం తినకుండ దాని తట్టే చూస్తాండాడు. నువ్వు బేగా రా."

వచ్చి చూశాను. నాయన షెడ్డు గురించి ఏమీ అనలేదు. రేకులు మళ్లీ ఎక్కడైనా వేసుకోవచ్చు. "తాత అడిగి నిలబెట్టిన రాయమ్మా. అడక్కుండా పగలగొడతారంట" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నాకు కోపం వస్తే మాటలు రావు, డ్రాఫ్టింగ్ వస్తుంది. ఆ మధ్యాహ్నమే, ఇంకా పల్లెకు పంపని అమ్మవారి పాదాల పక్కన కూర్చుని రిట్ పిటిషన్ రాశాను. ఉత్తర్వు ఇచ్చేముందు మా నాయన చెప్పేది వినలేదు, వినకుండా ఒకరి తావు తీసుకునే హక్కు ఎవరికీ లేదు అని. వకీలు భాషలో అది ఎనిమిది పేజీలు అయింది గానీ, విషయం నాయన అన్న ఆ ఒక్క మాటే.

హైకోర్టులో నా సీనియరు చేత లంచ్ మోషన్ వేయించాను. అంటే అప్పటికప్పుడు, భోజనం తర్వాత వినమని అడగడం. ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టు ఆపింది. రాయికి ప్రస్తుతానికి ప్రాణం నిలబడింది.

కేసు పూర్తిగా వినే రోజు సీనియరు వేరే హాల్లో ఇరుక్కుపోయారు. "నువ్వే చెప్పు" అని కబురు పంపారు. నా వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాను. బయట ఎండ, లోపల చల్లటి గాలి, ఎవరివో వాదనలు దూరంగా కాలువ పారుతున్నట్టు వినిపిస్తున్నాయి. సిగ్గు లేకుండా కునుకు పట్టేసింది. ఆ కునుకులో మా రాయి కోర్టు హాల్లో, పిటిషనరు నిలబడే చోట నిలబడి ఉంది. భుజాల మీంచి నీళ్లు కారి నేలంతా తడిసింది. బంట్రోతు తుడుచుకుంటూ విసుక్కుంటున్నాడు. జడ్జిగారు కిందికి వంగి దాన్ని ఏదో అడుగుతున్నారు, అది చెబుతోంది, నాకు వినపడటం లేదు. పక్కావిడ మోచేత్తో పొడిస్తే లేచాను. మా నంబరు పిలుస్తున్నారు.

ప్రభుత్వ వకీలు ధీమాగా ఉన్నారు. నోటీసు ఇవ్వబోతే నిరాకరించారు, అంటించాం, ఇదిగో ఫొటో, ఇంకేం కావాలి అన్నారు. ఫొటో జడ్జిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"ఈ రాయి వెనకాల తెర లాంటిది కనిపిస్తోంది. ఏమిటది?"

చెప్పాను. కళ్లు తెరవడం గురించి, మాట్లాడకూడదన్న నియమం గురించి, అమ్మ సాయంత్రం రమ్మనడం గురించి. చెబుతున్నంతసేపూ నా గొంతు నాది కానట్టు, ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంది. జడ్జిగారు ప్రభుత్వ వకీలు వైపు తిరిగారు.

"సాయంత్రం రమ్మన్నారట. వెళ్లారా?"

ఆయన కాగితాలు తిరగేశారు. వెనక నిలబడ్డ ఆఫీసు మనిషి వైపు చూశారు. ఆ మనిషి తల దించుకున్నాడు.

తీర్పు అక్కడికక్కడే చెప్పేశారు. ఉత్తర్వు కొట్టేశారు. రోడ్డు కావాలా వద్దా, ఎంత వెడల్పు కావాలి అనేది కోర్టు తేల్చదని, అది ప్రభుత్వం పని అని, అయితే ఆ మనిషిని అడిగి, ఆయన చెప్పేది విని, అప్పుడు తేల్చమని. అంతే. నేను పుస్తకంలో వందసార్లు చదివిన మాటే. అయినా బయటికి వచ్చాక మెట్ల మీద నిలబడితే ఒళ్లంతా మంట. అడగమన్నారు సరే, అడిగి మళ్లీ అదే చేస్తే? సీనియరుకు ఫోన్ చేసి అరిచాను. ఆయన నవ్వారు. "కోర్టు నీకు రోడ్డు ఆపిపెట్టదమ్మా. తలుపు తీయిస్తుంది. లోపలికి పోయి మాట్లాడుకోవలసింది మీరే."

నాయనకు చెప్పాలి కదా. చేశాను.

"గెల్చినామా?"

"నిన్ను అడుగుతారంట నాయనా."

"అడిగి?"

"అడిగి, మళ్లా వాళ్లే తేలుస్తారు."

ఫోనులో ఉలిదెబ్బలు రెండు వినిపించాయి.

"అయితే గెల్వలే."

"గెల్చినాం నాయనా."

"ఎట్లమ్మా?"

చెప్పలేకపోయాను. అన్నేళ్లు కలలు కన్న విషయం నోటి చివర నిలబడి రానంది.

విచారణకు అధికారి మా షెడ్డుకే వచ్చాడు. పాతాయన కాదు, ఆయన పైవాడు. ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. ఆయన కాగితాలు సర్దుకుని, "మీ అభ్యంతరాలు ఏంటో చెప్పండి" అన్నాడు. నాయన నేలకేసి చూస్తున్నాడు. నేను ఆయన తరఫున మొదలుపెట్టబోతుంటే చేయెత్తి ఆపాడు.

"రోడ్డు వద్దనలే సార్. ఈ మలుపు కాడ ఎంతమంది పడినారో నాకు తెల్సు, లేపి కూర్చోబెట్టిందీ నేనే. ముందర రేకులు మేమే దించుకుంటాం. ఎనక తావుండాది, ఆడికి జరుగుతాం. నాకు రెండు కావాల. ఒకటి, ఈ రాయిని పగలగొట్టొద్దు. క్రేను తెచ్చుకోని మేమే ఎనక్కు తీసుకపోతాం, అంతదాకా తాళండి."

"రెండోది?"

"నేను నిరాకరించినా అని రాసినారంట. నేను కాదనలే సార్. పలకలేకపోతి. ఆ మాట కొట్టేయండి."

అధికారి నాయన వైపు, తర్వాత కొత్తగా కళ్లు తెరిచిన ఒక వినాయకుడి వైపు చూశాడు. రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. అందులో ఆ మాట కొట్టేసినట్టు ఉంది. నాయన ఆ చోట వేలు పెట్టి చూసుకుని సంతకం పెట్టాడు. ఫోనులో నేను చెప్పలేకపోయిన గెలుపు ఇదేనని నాకు అప్పుడు తెలిసింది, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

కొత్త ఉత్తర్వు వచ్చింది. ముందు భాగం పోతుంది, రాయిని మేమే జరుపుకోవచ్చు, గడువు ఇచ్చారు. క్రేను మర్నాడు పొద్దున వస్తుందనగా నేను ఆళ్లగడ్డ వచ్చాను. సాయంత్రం నాయన స్నానం చేసి, పంచె కట్టుకుని, రాయి ఎదుట నిలబడ్డాడు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. గాల్లో రాతిపొడి ఎర్రటి ఎండకు మెరుస్తోంది. నాయన గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నిన్ను ఈడి నుంచి కదిలిస్తాండాం. రోడ్డొస్తాండాది. మమ్మల్ని అడిగినారు, సరే అంటిమి. ఇప్పుడు నిన్ను అడుగుతాండా. అడ్డం ఉంటే చెప్పు."

మా ఇంట్లో ఒక రాయికి నోటీసు ఇవ్వడం నేను కళ్లారా చూశాను. నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

పొద్దున క్రేను వచ్చి రోడ్డు పక్కన ఆగింది. నాయన టీ గ్లాసుతో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "నాకేం రాలే" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. ఉలి పట్టేది ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన ఒక్కడే. తిరిగి అడగడానికి ఎవరూ లేరు. అప్పుడే అమ్మ నీళ్లు పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, తడిసిన కుచ్చిళ్లతో వస్తోంది. నాయన ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది.

"ఏమ్మే, నీకేమన్నా వచ్చెనా?"

"ఏందీ?"

"కల."

అమ్మ బిందె కింద పెట్టింది. కొత్తగా చూసింది ఆయన్ని. తర్వాత, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నాకు కలలు యాడొస్తాయి? కల ఒక తీరుకొచ్చే పొద్దుకు లేచి దీనికి నీళ్లు మోస్తాండా. పెండ్లై ఈ ఇంటికొచ్చిన కాడి నుంచి ఒక్క కల తుదముట్టా చూసింది లే."

నాయన లేచాడు. నేరుగా క్రేను దగ్గరికి పోయాడు.

"రేపు రాప్పా."

"రేపా? అంతా సిద్ధమే గదన్నా, ఏమాయె?"

"ఇంగా ఒకర్ని అడగలే."

నా వృత్తిలో వాయిదాలు చూసీ చూసీ విసుగెత్తిపోయినదాన్ని. ఆ ఒక్క వాయిదాకు మాత్రం లేచి నిలబడి దండం పెట్టాలనిపించింది. నాయన తిరిగి వచ్చి, అమ్మ చంక నుంచి దిగిన బిందెను తీసుకుపోయి తన మంచం పక్కన పెట్టుకున్నాడు. "రేపు నువ్వు లేయొద్దు. నీళ్లు నేను పోస్తా" అన్నాడు. "చాల్లే సంబడం" అంది అమ్మ. అంది గానీ కాదనలేదు.

మర్నాడు తెల్లవారుజామున నీళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. అది అమ్మ చప్పుడు కాదు. అమ్మ సన్నగా, రాయి మెడ నుంచి మొదలుపెట్టి పోస్తుంది. ఇది ఒక్కసారిగా కుమ్మరించిన చప్పుడు, వెంటనే బిందె జారి బండ మీద మోగింది. నేను అమ్మ వైపు చూశాను. ఒత్తిగిలింది. అచ్చం నేను చిన్నప్పుడు ఒత్తిగిలినట్టే, ఇటు నుంచి అటు తిరిగి, చెంప కింద చేయి పెట్టుకుని మళ్లీ నిద్రలోకి జారిపోయింది. కళ్లు మూసి ఉన్న ఆ ముఖం నాకు తెలిసిన ముఖంలా లేదు, ఇంకా ఎవరూ చెక్కని ముఖంలా ఉంది. అమ్మ నిద్రపోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎండ కిటికీలోంచి వచ్చి మంచం మీదికి ఎక్కేదాకా అలా చూస్తూ కూర్చున్నాను.

జుట్టు ముడి వేసుకుంటూ ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల మీద నాయన, నేను, కుర్చీలో క్రేను మనిషి, ముగ్గురం ఎదురుచూస్తున్నాం.

"ఏందీ, అందరూ నా మొగం తట్టు చూస్తాండారు?"

"ఏమొచ్చె?" అన్నాడు నాయన. ఆయన గొంతులో భయం ఉంది.

అమ్మ రాయి వైపు చూసింది. అది తడిగా, ఎండలో పొగలు కక్కుతూ నిలబడి ఉంది.

"ఇంగ నీళ్లు చాలంట. ఎత్తుకపోండి."

నిజంగా వచ్చిందా అని నాయన అడగలేదు. నేనూ అడగలేదు. అడ్డు ప్రశ్నలు వేయడం నా వృత్తి, అయినా నోరు రాలేదు. నాయన తలవంచి సరేనన్నాడు. క్రేను మనిషి లేచి బెల్టులు తీశాడు. రాయి నేల వదిలి గాల్లోకి లేచినప్పుడు దాని అడుగున ఇన్నేళ్ల తడికి నల్లబడిన మట్టి కనిపించింది. అమ్మ పోయి ఆ మట్టిని కాలితో చదును చేసింది.

ఇప్పుడు అక్కడ రోడ్డు ఉంది. రాయి వెనక స్థలంలో వేపచెట్టు నీడన ఉంది. దప్పిక తీరింది కనక ఇంక చెక్కవచ్చు, కానీ ఏం చెక్కాలో నాయన అమ్మనే అడిగాడట. "చూస్తాం, తొందరేముండాది" అన్నదట అమ్మ. ఆ వాయిదా ఇంకా నడుస్తోంది. నంద్యాల నుంచి వచ్చే బస్సులో నాకు ఇప్పటికీ కునుకు పడుతుంది, ఇప్పటికీ ఆ రాయే కనిపిస్తుంది. కాకపోతే పొడిగా ఉంటుంది. దాని పక్కన గోనెపట్ట మీద అమ్మ నిద్రపోతూ ఉంటుంది.